రాళ్ళకు విలువ కట్టలేదు

నా దగ్గరికి నగలు పట్టుకొచ్చేవాళ్ళలో సగం మంది నిజం తెలుసుకుందామని రారు. తమకు ముందే తెలుసనుకున్నదాన్ని నా నోట విని, దాని మీద నా ముద్ర వేయించుకుందామని వస్తారు. "మా అమ్మమ్మగారిదండీ, అచ్చమైనది" అంటూ మూట విప్పుతారు. ఇది ఇత్తడి అంటే, తప్పంతా నాదే అన్నట్టు చూస్తారు. ఇంకొకసారి సరిగ్గా చూడమంటారు. ఎన్నిసార్లు చూసినా ఇత్తడి ఇత్తడేనని మొహం మీదే చెప్పేస్తాను. నా నోరు మంచిది కాదని మా ఆవిడ పెళ్ళయిన మొదటి నెలలోనే కనిపెట్టింది. నోరు ఎలాంటిదైనా కన్ను మంచిదని నేను సమాధానపడుతూ వచ్చాను.

పని చేసుకునేది మూడో అంతస్తులో, ఒకే ఒక్క గదిలో. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, దాని కింద బల్ల, బల్ల మీద తెల్లకాగితం, గాజుపెట్టెలో త్రాసు, గీటురాయి, భూతద్దం. బ్యాంకులకీ, బీమా కంపెనీలకీ, ఆస్తులు పంచుకునే అన్నదమ్ములకీ నగల విలువ కట్టి సంతకం చేసి కాగితం ఇస్తాను. నా కాగితం చూపిస్తే ఎవరూ మారుమాట్లాడరు. ఈ మధ్య కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి పాఠాలు కూడా చెప్తున్నాను. ఇవన్నీ గొప్పలకి చెప్పడం లేదు. ఎంత ఎత్తు నుంచి పడ్డానో తెలియాలంటే ముందు ఆ ఎత్తు చెప్పాలి కదా.

మొన్న మంగళవారం పొద్దున్న మా మరదలు వచ్చింది. అంటే మా ఆవిడ చెల్లెలు. మా అత్తయ్య ఇప్పుడు ఉండేది వాళ్ళింట్లోనే. చేతిలో పాత చాక్లెట్ డబ్బా ఉంది.

"బావగారూ, ఇవన్నీ అమ్మవి. లాకర్లో పెట్టి బీమా చేయిద్దామంటే విలువ కాగితం కావాలన్నారు. మీరుండగా ఇంకొకళ్ళ దగ్గరికి ఎందుకు వెళ్తాం?"

గొలుసు, నాలుగు గాజులు, రెండు ఉంగరాలు తీసి బల్ల మీద పెట్టింది. అడుగున మడత పెట్టిన కవరు ఒకటి ఉంది. దాన్ని చిటికెన వేలితో నా వైపు నెట్టి నవ్వింది.

"ఇవి రవ్వల రాజుగారి కమ్మలు. వీటికి కాగితం అక్కర్లేదు. బంగారం ఎంత తూగుతుందో చెప్పండి చాలు. రాళ్ళు పీకించేసి, బంగారం కరిగించి మా పాపకి సన్న గొలుసు చేయిద్దామనుకుంటున్నాం. అమ్మని అడిగితే నీ ఇష్టం అంది."

నేనూ నవ్వాను. ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి అందరికంటే ముందు నాకే నవ్వొచ్చింది. సాయంత్రానికి అన్నీ చూసి ఉంచుతానని చెప్పి పంపించాను.

రవ్వల రాజుగారంటే మా మావయ్యగారు. పోయి నాలుగేళ్ళవుతోంది. ఆయన ఒక అచ్చు ప్రెస్సులో ముప్పై నాలుగేళ్ళు ప్రూఫులు దిద్దారు. తప్పు దొరికితే దాని చుట్టూ గుండ్రంగా గీత గీసి, పక్కన సరైన అక్షరం రాసి ఊరుకునేవారు. తప్పు చేసినవాణ్ణి ఒక్క మాట అనేవారు కాదు. ఉద్యోగం నుంచి దిగిపోయే రోజుల్లో ప్రెస్సు యజమాని తల్లి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతూ, తన పాత కమ్మల జత, ఏడేసి రాళ్ళవి, ఈయనకి అమ్మింది. ఈయన మీది గౌరవంతో తక్కువకే ఇచ్చింది. చేతి నుంచి చేతికి మారిన వస్తువు, రసీదు లేదు. మా అత్తయ్యకి ఆయన జన్మలో కొనిపెట్టిన నగ అదొక్కటే.

అప్పటికి నేను పరీక్ష పాసై ఆరు నెలలు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, కనిపించిన ప్రతి మెడా ప్రతి చెవీ నాకు పరీక్ష పేపరులాగే ఉండేది. బస్సులో పక్క సీటావిడ ఉంగరాన్ని కూడా వదిలేవాణ్ణి కాదు. అలాంటి రోజుల్లో ఒక ఆదివారం అత్తవారింట్లో అందరం భోజనాలకి కూర్చున్నాం. అత్తయ్య కొత్త కమ్మలు పెట్టుకుని వడ్డిస్తోంది. "రవ్వలే" అన్నారు మావయ్యగారు, తప్పు చేసినవాడిలా మెల్లగా. అందరూ నా వైపు చూశారు. అల్లుడుగారు చూసి చెప్పాల్సిందే అన్నారు. అత్తయ్య తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని ఒక కమ్మ తీసి నా అరచేతిలో పెట్టింది.

ఎడంచేత్తో భూతద్దం పట్టుకుని, ట్యూబులైటు కింద, నిండా అర నిమిషం చూశాను. రాళ్ళ వెనక అంతా బంగారంతో మూసేసిన కట్టుడు. రాళ్ళు మసకగా ఉన్నాయి. నడిమి రాయి లోపల తెల్లగా చుక్కంత కనిపించింది. బుడగ. లోపల బుడగ ఉందంటే గాజు. అంతే, అంతకు మించి ఆలోచించలేదు.

"మావయ్యగారూ, మిమ్మల్ని ఎవరో బుట్టలో వేశారు. బంగారం నిజమే. రాళ్ళు మాత్రం గాజు" అన్నాను.

ఆయన ముద్ద కలుపుతూ ఆగిపోయారు. "నేను పగటి వెలుతురులో చూసే తీసుకున్నాను బాబూ" అన్నారు.

"అక్షరాల్ని చూసినట్టు చూస్తే రాళ్ళు పట్టుబడవు మావయ్యగారూ. పోనీలెండి, ఇవాళ్టి నుంచి మీరు మాకు రవ్వల రాజుగారు."

బల్ల చుట్టూ ఉన్న తొమ్మిది మందీ పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వారు. అత్తయ్య రెండో కమ్మ కూడా తీసేసి, చెవులు బోడిగా పెట్టుకుని మిగతా వడ్డన పూర్తి చేసింది.

ఇంకొకరికి చూపిద్దామని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. ఎలా అంటారు? అల్లుడు చెప్పాక బయటివాణ్ణి అడిగితే అల్లుణ్ణి నమ్మనట్టే. అందులోనూ అల్లుడి వృత్తే అది. అల్లుడి మాట అబద్ధమైతే పోయేది అల్లుడి పరువు, నిజమైతే పోయేది మామ పరువు. ఏది పోతే ఎవరికీ ఇబ్బంది లేదో అదే పోయింది. నేను పెట్టిన పేరు మాత్రం ఇల్లంతా స్థిరపడిపోయింది. ఆయన తెచ్చిన వంకాయలో పురుగు కనబడితే "రవ్వలు చూసినట్టే చూశారా?" అనేవాళ్ళు. ఆయన ఎక్కిన బస్సు ఆలస్యమైతే రవ్వల రాజుగారి ఎంపిక అనేవాళ్ళు. కొన్నాళ్ళకి కూరగాయలకి వెళ్ళడం మానేశారు. చొక్కా గుడ్డ రంగు అడిగినా మీకేది బాగుంటే అదే అనేవారు. ఆయనకి వయసు మీద పడిందని నేను అనుకున్నాను.

సరే, మంగళవారం సంగతి. మిగతావన్నీ తూచి రాసుకుని, చివర్లో కవరు విప్పాను. తూకం వెయ్యాలంటే ముందు మురికి పోవాలి కదా అని సబ్బునీళ్ళలో మెత్తటి బ్రష్షుతో తోమి, తుడిచి కాగితం మీద పెట్టాను. కిటికీ వెలుతురు పడగానే నడిమి రాయి భగ్గున మెరిసింది. నాకు మొదట కోపం వచ్చింది. గాజు ఇలా మెరవకూడదు.

భూతద్దం తీశాను. నా బుడగ అక్కడే ఉంది. కానీ బుడగకి మూలలుండవు. దీనికి ఉన్నాయి. రాయి పుట్టినప్పుడే లోపల చిక్కుకుపోయిన ఇంకో చిన్న రాయి అది. రాళ్ళ అంచులు చూశాను. గాజైతే అన్నేళ్ళు చెవుల్లో తిరిగాక అంచులు అరిగి మొద్దుబారాలి. ఇవి నిన్న కోసినట్టు పదునుగా ఉన్నాయి. రాయికి ఆనిస్తే వజ్రమో కాదో కూసి చెప్పే పెన్ను లాంటి పరికరం ఒకటుంది, అది తీసి ఆనించాను. కూసింది. పద్నాలుగు రాళ్ళకీ పద్నాలుగుసార్లు కూసింది. దీనికేమైనా రోగమొచ్చిందేమోనని గాజుముక్కకి పెట్టి చూశాను. కిక్కురుమనలేదు.

మసకగా ఉన్నదల్లా రాళ్ళ కింద మెరుపు కోసం పరిచిన రేకు. చెమ్మకి నల్లబడిపోయింది. మూసిన కట్టుడు రాళ్ళని పగటి వెలుతురులో తప్ప చూడకూడదని, ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పకూడదని నా శిష్యులకి మొదటి రోజే చెప్తాను. పగటి వెలుతురులో చూశానని ఆ ప్రూఫులు దిద్దే మనిషి ఆ రోజే చెప్పాడు. నేను వినలేదు.

తల కొట్టేసినట్టయింది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. అయినా తల ఎత్తడానికి సిగ్గేసింది. కుర్చీ గోడవైపు తిప్పుకుని చాలాసేపు కూర్చున్నాను.

తర్వాత చేసింది చెప్పడానికి ఇంకా సిగ్గుగా ఉంది. మా వృత్తిలో ఒక వాక్యం ఉంది: "రాళ్ళకు విలువ కట్టలేదు." రాయి సంగతి తేల్చలేనప్పుడో, తేల్చడం ఇష్టం లేనప్పుడో బంగారం తూకం రాసి కింద ఆ మాట రాస్తాం. అది అబద్ధం కాదు, ఎవరూ తప్పు పట్టలేరు. కలం తీసి ఆ వాక్యం రాశాను. సంతకం పెట్టాను. కమ్మల్ని కరిగించొద్దని, మావయ్యగారి గుర్తుగా దాచుకోమని మరదలికి చెప్తే సరిపోతుందనుకున్నాను. రాళ్ళూ దక్కుతాయి, నా పేరూ దక్కుతుంది. పైగా మామగారంటే ఎంత అభిమానమో అని నన్ను మెచ్చుకుంటారు కూడా. తేలు కుట్టిన దొంగకి ఇంతకంటే మంచి దారి దొరకదు.

ఫోను చేసి అలాగే చెప్పాను.

"గుర్తా?" అంది మరదలు. "బావగారూ, మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాట. నాన్న పేరెత్తితే మా ఇంట్లో అందరికీ గుర్తొచ్చేది ఆ గాజురాళ్ళే. మా పాపకి తాతగారి గురించి తెలిసింది కూడా ఆ ఒక్క జోకే. అన్నేళ్ళు అంత పని చేసిన మనిషికి చివరికి మిగిలింది అదా? అందుకే కరిగించేద్దామనుకుంటున్నా. వస్తువు పోతే ఆ మాట కూడా పోతుందేమోనని."

ఫోను పెట్టేసి, రాసిన కాగితం చింపేశాను. నాలుగు ముక్కలు చేస్తే ఎవరైనా అతికించి చదువుతారేమోనన్నంత భయంతో సన్నగా చింపాను. ఎవరు చదువుతారు? ఆ గదిలో చెత్తబుట్ట ముట్టుకునేది నేను తప్ప ఎవరు? సిగ్గుపడ్డ మనిషికి బుద్ధి ఉండదు.

మధ్యాహ్నం ఇంటికెళ్ళి మా ఆవిడ ముందు కవరు పెట్టి జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. వడ్డించబోతున్న గరిటె అలాగే గిన్నెలో వదిలేసి, బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"అమ్మకి మీరే చెప్పండి. నన్ను రమ్మనకండి" అంది.

"నువ్వు పక్కనుంటే..."

"ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. నా మొగుడు ఎంత తెలివైనవాడో అందరికీ తెలియాలని నవ్వాను. నేను ఏ మొహం పెట్టుకుని రాను?"

ఒక్కణ్ణే వెళ్ళాను. మరదలు ఆఫీసులో ఉంది. అత్తయ్య ముందుగదిలో మంచమ్మీద కూర్చుని, ఉతికిన బట్టలు మడత పెడుతోంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది. "ఈ వేళప్పుడు వచ్చారేంటి బాబూ? అమ్మాయి బాగుందా? మంచినీళ్ళు తెస్తా ఉండండి" అని లేవబోయింది. వద్దని చెప్పి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. మింగలేక కక్కలేక ఉన్న నన్ను చూసి ఆవిడే కంగారు పడింది.

"అత్తయ్యా, ఆ కమ్మలు గాజువి కావు" అన్నాను. "రవ్వలే. అన్నీ మంచి రవ్వలు. ఆ రోజు నేను తప్పు చెప్పాను. సరిగ్గా చూడలేదు. చూడటం కూడా అప్పటికి నాకు రాదు. మావయ్యగారు చెప్పిందే నిజం."

ఆవిడ చేతిలో తువ్వాలు ఉంది. దాన్ని సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, పక్కన దొంతి మీద పెట్టింది.

"మళ్ళీ చెప్పండి" అంది.

మళ్ళీ చెప్పాను. రెండోసారి ఇంకా కష్టమైంది. కవరు తీసి ఆవిడ పక్కన పెట్టాను. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

"ఆయన అప్పట్లోనే వెళ్ళొస్తానన్నారు బాబూ. ఆ సోమవారమే. రెండు వీధుల అవతల రాళ్ళు చూసే పెద్దాయన ఎవరో ఉన్నాడట, ఆయనకి చూపించుకొస్తానని చెప్పులేసుకున్నారు. నేనే గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. అల్లుడి పరువు తీస్తారా, కూతురు కాపురం చెయ్యాలా వద్దా అన్నాను. చెప్పులు విప్పేశారు."

నేను ఏదో అనబోయాను. చెయ్యి ఎత్తి ఆపింది. ఆవిడ నన్ను అలా ఆపడం అదే మొదటిసారి.

"మీరు ఒక్కసారే అన్నారు. నేను పద్దెనిమిదేళ్ళు అన్నాను. కోపం వస్తే అదే మాట, నవ్వులాటకీ అదే మాట. ఆఖర్న ఆస్పత్రిలో మందు మారుస్తామన్నారు. ఈయన కొత్త మందు చీటీ చదువుకుని, నాకు పాత మందే పడుతోంది, అదే ఉండనివ్వండి అన్నారు. డాక్టరు ముందూ నర్సుల ముందూ అన్నాను, మీరు చూసి ఎంచినవి చాల్లెండి అని. ఇంక మాట్లాడలేదు ఆయన. తర్వాత మూడు రోజులే ఉన్నారు."

కాళ్ళు పట్టుకుందామనిపించింది. అల్లుడు అత్త కాళ్ళు పట్టుకుంటే ఆవిడ ఇంకా నలిగిపోతుందని ఊరుకున్నాను. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు కదా, ఆ ఇంటికి పట్టిన శని నేనే. నా తప్పు నేను ఒప్పుకుంటే దాంతో అయిపోతుందనుకుని వచ్చాను. ఆ తప్పుని నాకంటే ఎక్కువ మోసింది ఆవిడని, ఇప్పుడు నేను వచ్చి ఆవిడ నెత్తిన ఇంకో బరువు పెట్టానని నాకు అప్పుడు గానీ తెలియలేదు.

"ఆదివారం అందర్నీ పిలుస్తానత్తయ్యా" అన్నాను. "ఆ రోజు బల్ల దగ్గర ఎవరెవరున్నారో వాళ్ళందర్నీ. అందరి ముందూ చెప్తాను. మావయ్యగారి మీద పడ్డ మాట నేనే తీసేస్తాను. కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తాను."

"చెప్పండి. చెప్పాలి" అంది. "మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. అల్లుడుగారు కదా, ఎంత పెద్ద మనసుతో ఒప్పుకున్నారో అంటారు."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆవిడ అప్పుడు కవరు తీసుకుని, కమ్మలు అరచేతిలో వంపుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. చెవులకి పెట్టుకుంటుందేమోనని ఎదురుచూశాను. పెట్టుకోలేదు. వీపు నా వైపే ఉంచి మాట్లాడింది.

"మీకు చెప్పుకోడానికి నేనున్నాను బాబూ. నేనెవరికి చెప్పుకోను?"